తాళంచెవి అమ్మగారి దగ్గర

పురుగుల గదికి తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్ళి మా పాస్టరుగారి భార్య చేతిలో పెట్టాను. రేపు ఆరాధన అయిపోయేదాకా నేను వచ్చి ఎంత అడిగినా ఇవ్వవద్దని చెప్పాను. అది ఒక శనివారం మధ్యాహ్నం. నాకప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. నా ఇంట్లోని గదిలోకి నేనే వెళ్ళకుండా కట్టడి చేసుకోవలసి వచ్చిందంటే, అంతకుముందు జరిగింది చెప్పాలి.

మాది బూదికోట వైపు చిన్న పల్లె. ఒక ఎకరా మల్బరీ తోట ఉంది. ఆ ఆకుతో పట్టుపురుగులను మేపుతాం. తోట పని మా ఆయనది, గది పని నాది.

పట్టుపురుగు పుట్టినప్పటి నుంచి గూడు కట్టేలోపల నాలుగుసార్లు మేత మానేస్తుంది. తల కొంచెం పైకెత్తి, ఉన్నచోటనే కదలకుండా ఉండిపోతుంది. పాత చర్మం వదిలి కొత్త చర్మంతో లేస్తుంది. మా వైపు దీన్ని జ్వరం అంటారు గాని అది రోగం కాదు, నిద్ర లాంటిది. నాలుగో జ్వరం అన్నిటికంటే పెద్దది. ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది. అప్పుడు మనం తట్టలు పొడిగా ఉంచి, సన్నగా సున్నం చల్లి, బయటికి వచ్చెయ్యాలి. అన్నీ ఒక్కసారి లేవవు. ముందు లేచినవి ఆకలికి తలలు ఆడిస్తాయి. వాటిని చూసి జాలిపడి ఆకు వెయ్యకూడదు. వేస్తే లేచినవి తిని లావవుతాయి, లేవనివి ఆకు కింద చెమ్మకు మెత్తబడిపోతాయి. రోగం అక్కడి నుంచే మొదలవుతుంది.

మా అత్త బతికి ఉన్నన్నాళ్ళూ గది ఆమె చేతిలో ఉండేది. జ్వరం రోజున నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదు. ఆమె పోయాక గది నా చేతికి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకు, నాలుగో జ్వరంలో, ముందు వరుస తట్టల్లో పిడికెడు పురుగులు లేచి తలలాడిస్తుంటే చూడలేక ఆకు వేశాను. అన్ని తట్టలకూ వేశాను. తప్పని తెలుసు. తెలిసీ చేతులు ఆగలేదు.

వారం రోజుల్లో పంటంతా పాలరోగం తగిలి చెడింది. పురుగులు ఉబ్బి, తాకితే పాలలాంటి నీరు కారి చచ్చాయి. తట్టలన్నీ తోట చివర గుంటలో దులిపి సున్నం పోసి పూడ్చాం. మా ఆయన పార కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇంగొక్క పంట చూస్తానే. అదీ ఇట్లనే పోతే చెట్లు పీకేసి బెంగుళూరుకు పోతా. వాచ్‌మన్ పని ఉండాదంట."

"ఆ మోకాలు పెట్టుకొని రైలెక్కి పోతావా?"

"వాచ్‌మన్‌ది కుర్చీలో కూచునే పనే గదా. నీ మాదిరి కాదు, నాకు కూచోవడం వస్తుంది."

ఆ మాట నవ్వుతూ అనలేదు.

నాకు కూచోవడం రాదన్నది నిజమే. నేను పుట్టింది బంగారు గనులుండే ఛాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీల లైను ఇంట్లో. మా నాన్న షాఫ్టులో దిగేవాడు. షిఫ్టు మారేటప్పుడు సంగు కూసేది. గని సైరన్‌ను మేం అలాగే అనేవాళ్ళం. ఆ కూత వేళకు వస్తే ఎవరూ పట్టించుకునేవారు కాదు. అప్పుడప్పుడు భూమి లోపల రాయి పగిలి నేల అదిరేది, అలమరలో గిన్నెలు గలగలమనేవి. అప్పుడు వేళగాని వేళలో సంగు కూసేది. లైనులో ఆడవాళ్ళందరూ షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవారు. మా అమ్మ మాత్రం కదిలేది కాదు. గిన్నెలన్నీ కిందికి దించి, అప్పటికే తోమి పెట్టిన గిన్నెలను బూడిదతో మళ్ళీ తోమేది. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని నా చేతికి కొబ్బరిపీచు ఇచ్చేది. "చేతులు ఊరకే పెట్టుకోవద్దు పాపా" అనేది. పెదవులు ప్రార్థన చేస్తుండేవి, చేతులు తోముతుండేవి. నాన్న వచ్చేదాకా ఆపేది కాదు.

ప్రతిసారీ నాన్న తిరిగొచ్చాడు. ఆయన రావడానికి గిన్నెలు తోమడం కారణమని నేనెప్పుడూ అనుకోలేదు. నా చేతులు మాత్రం అలాగే నమ్మాయి. పెళ్ళయి ఈ పల్లెకు వచ్చాక కూడా భయం వేసినప్పుడల్లా ఏదో ఒక పని మీద పడేదాన్ని. భయం ఎప్పుడూ వేసేది కాబట్టి పని ఎప్పుడూ ఉండేది. ఊడ్చిన వాకిలే ఊడ్చేదాన్ని. పగలు నడుం వాల్చడం నాకు తెలియదు. ఆదివారం ఆరాధనకు రెండో పాట అవుతుండగా వెళ్ళి, చివరి ప్రార్థన మొదలవుతుండగానే లేచి వచ్చేదాన్ని. "అక్క ఆమెన్ దోవలో చెప్తాది" అని అమ్మగారు నవ్వేది.

పాస్టరుగారి భార్యను మేం అమ్మగారు అంటాం. వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. ఆమె నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను అమ్మగారూ అంటాను. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. చిన్నప్పుడు చెల్లెళ్ళను ఎత్తుకోవడంతోనే నా బడి ఈడు అయిపోయింది. యాభై నాలుగో ఏట అమ్మగారి ముందు పలక పట్టుకున్నాను. నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. బుర్ర లేక కాదు. చదవాలంటే కూర్చోవాలి. నేను అ ఆ దిద్దుతూనే రెండో చేత్తో చింతపండు గింజలు తీసేదాన్ని.

"అక్కా, వేలొక్కటే కదలల్ల. మిగతా ఒళ్ళంతా ఊరకే ఉండల్ల" అనేది అమ్మగారు.

"ఊరకే ఉండేది ఎట్ల నేర్పిస్తారు అమ్మగారూ? దానికి యాదన్నా పలక ఉండాదా?"

"దానికి ఆదివారం ఉండాది. నువ్వే రావు."

పురుగులకు ఆదివారం లేదు అమ్మగారూ అని నేను జవాబు చెప్పేదాన్ని. ఆ జవాబు నాకు చాలా బాగా అనిపించేది.

పంట పోయిన నెలకు కొత్త గుడ్లు తెచ్చాం. చాకీ, అంటే పిల్లపురుగుల దశ, దాటింది, మూడో జ్వరం బాగానే దాటింది. సరిగ్గా అప్పుడే అమ్మగారు ఇంకొక మాట అంది. వచ్చే ఆదివారం ఆరాధనలో వాక్యం నేను చదవాలట. అలసినవాళ్ళను, బరువులు మోసేవాళ్ళను దగ్గరికి రమ్మని ప్రభువు పిలిచే భాగం. నాలుగైదు వరుసలు. సంఘం ముందు నిలబడి చదవడం నాకు అదే మొదలు. సరే అన్నాను. ఇంటికి వచ్చి రోజులు లెక్కపెడితే, నాలుగో జ్వరం శనివారం మొదలవుతుంది, ఆదివారం పురుగులు లేస్తాయి.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. శనివారం పొద్దున్నే పురుగులు మేత తగ్గించాయి. మధ్యాహ్నానికి అన్నీ తలలెత్తి ఆగిపోయాయి. సున్నం చల్లి బయటికి వచ్చాను. గడియకొకసారి మళ్ళీ లోపలికి పోయి చూస్తున్నాను. నాలుగోసారి పోయినప్పుడు చూసుకుంటే నా చేతిలో ఆకు ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు.

పక్కింటి పెద్దమ్మ వాళ్ళ వాకిట్లో రాగులు చెరుగుతూ నన్ను చూసింది. ఆమె మా అత్తకు ఈడుది, పురుగుల పనిలో ఆమెకు తెలియనిది లేదు. రోగం అంటుతుందని ఇంకొకరి పురుగుల గదిలో మాత్రం కాలు పెట్టదు.

"ఏం కోడలా, ఆ ఆకు యాడికి?"

"యాడికీ లేదు పెద్దమ్మా. ఊరకే చూద్దామని."

"ఊరకే చూసే దానికి ఆకెందుకు? నీ పురుగులకు నీకన్నా బుద్ధి ఉండాది. ఎప్పుడు పండుకోవల్లో వాటికి తెలుసు. నువ్వు పండుకోవు, పండుకున్నదాన్ని లేపుతావు."

"లేచినాక ఆకలికి చస్తే?"

"గడియసేపు ఆకలికి యాదీ చావదు. పోయినసారి నువ్వు చంపినావే, అవి ఆకలికి చచ్చినాయా?"

ఆ మాట గుచ్చుకుంది. ఆకు అక్కడే అరుగు మీద పడేశాను. రేపు మధ్యాహ్నందాకా తలుపు తియ్యవద్దని, కిటికీలకు వలలు ఉన్నాయి కాబట్టి గాలి ఆడుతుందని పెద్దమ్మ చెప్పింది. నేను లోపలికి పోయి తాళం తెచ్చాను.

మా ఆయన తోటలో నుంచి వచ్చి చూశాడు. "ఈ తాళం పురుగులకా, నీకా?"

"నాకే."

"చెవి నాకియ్యి, నేను పెట్టుకుంటా."

"నీ దగ్గరుంటే మూడోసారి అడిగేటప్పటికి ఇచ్చేస్తావు."

అలా తాళంచెవి అమ్మగారి దగ్గరికి పోయింది. అమ్మగారికి పురుగులంటే ఒళ్ళు జలదరింపు. తాళంచెవి కూడా రెండు వేళ్ళ కొనలతో పట్టుకుని సంచిలో వేసుకుంది. "దీనికేమన్నా అంటుకోలేదు గదా అక్కా?" అని అడిగింది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఆదివారం తెల్లవారగానే మా ఆయన ఆకు కోసుకొచ్చి తడి గోనెసంచి కింద పెట్టాడు. నేను రుబ్బురోలు మీదకెక్కి పురుగుల గది కిటికీలోకి చూశాను. వల అవతల చీకటి తప్ప ఏమీ కనబడలేదు. చెవి పెట్టి విన్నాను. పెద్ద పురుగులు మేస్తుంటే సన్నని వాన పడుతున్న చప్పుడు వస్తుంది. లోపల ఏ చప్పుడూ లేదు. లేచి ఆకలితో ఉన్నా చప్పుడు ఉండదు, నిద్రలో ఉన్నా ఉండదు. ఏది నిజమో తెలుసుకునే దారి లేదు.

"దిగే. పడితే నాకు నువ్వూ ఉండవు, పురుగులూ ఉండవు" అన్నాడు మా ఆయన.

ఆరాధనకు మొదటి పాటకే వెళ్ళాను. అమ్మగారు చూసి కళ్ళు పెద్దవి చేసింది. నేను చూసింది ఆమె సంచిని. చాప మీద ఆమె పక్కన ఉంది. పాటలో నోరు కదులుతోంది గాని నా మనసు ఆ సంచిలోనే ఉంది.

వాక్యం చదవమని పేరు పిలిచారు. లేచి ముందుకు వెళ్ళాను. మొదటి వరుస చదివాను. రెండో వరుసలో సగానికి వచ్చేసరికి, పురుగులు ఇప్పుడు లేచి ఉంటాయి అనిపించింది. అంతే, వేలు జారింది. అక్షరాలు అక్కడే ఉన్నాయి, ఏ వరుసలో ఉన్నానో తెలియలేదు. ఎవరైనా అందిస్తారేమో అని చూశాను. ఎవరూ అందించలేదు. నలభై మంది ఊరకే కూర్చుని ఉన్నారు. ఎవరికీ తొందర లేదు. నేను చదివేదాకా వాళ్ళు అలాగే ఉంటారని అర్థమైంది. వేలు మళ్ళీ మొదటికి తెచ్చి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. రమ్మని పిలిచే మాట దగ్గరికి వచ్చేసరికి, అది ఇంతమందికి నేను చదివి వినిపిస్తున్న మాటలా అనిపించలేదు. ఎవరో నాతో చెబుతున్నట్లు అనిపించింది. పూర్తి చేసి వచ్చి కూర్చున్నాను.

కూర్చోగానే మళ్ళీ సంచి వైపు చూశాను. అమ్మగారు ఎవరిదో ఏడుస్తున్న చంటిపిల్లను ఎత్తుకుని తలుపు దగ్గరికి వెళ్ళి ఉంది. సంచి కనబడలేదు.

ఆరాధన అయిపోయి అందరూ లేస్తుంటే అమ్మగారి కోసం వెతికాను. పక్క ఊరిలో ఒకామెకు ఉన్నట్టుండి బాగాలేదని కబురు వస్తే, పాస్టరుగారూ ఆమే చివరి పాటలోనే స్కూటరు మీద వెళ్ళిపోయారట. సంచి భుజానికే ఉందట. ఎప్పుడు వస్తారని అడిగితే, గంట పడుతుందేమో అన్నారు.

అప్పటికి పన్నెండున్నర. గుడి ఖాళీ అయింది. నేను మెట్ల మీద నిలబడ్డాను. ఇంటికి పోయి మా ఆయనతో తాళం పగలగొట్టించవచ్చు. ఒక రాయి చాలు. నాలుగు అడుగులు వేశాను కూడా. తర్వాత నాకు నేనే గుర్తొచ్చాను. తాళం పగిలితే నేను ఆకు వేస్తాను. లేచినా వేస్తాను, లేవకపోయినా వేస్తాను. అది నాకు బాగా తెలుసు.

వెనక్కి వచ్చాను. చేతులకు ఏదో ఒకటి కావాలి కాబట్టి మూలనున్న చీపురు తీసుకుని గుడి ఊడవడం మొదలుపెట్టాను. పొద్దున్నే ఎవరో శుభ్రంగా ఊడ్చి పెట్టారు. దుమ్ము కూడా రాలేదు. సగం ఊడ్చాక మా అమ్మ గుర్తొచ్చింది. తోమిన గిన్నెలు తోముతున్న మా అమ్మ. ఆమెకు ఎవరూ ఆపమని చెప్పలేదు. నేనున్నాను, నువ్వు కాసేపు చేతులు దించు అని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. లేక, చెప్పే మాట ఆ పుస్తకంలోనే ఉన్నా, ఆమెకూ ఒకప్పటి నాలాగే చదువు రాదు.

చీపురు గోడకు ఆనించాను. చాప మీద కూర్చున్నాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. చెప్పడానికి ఏమీ రాలేదు. ప్రభువా, పురుగులు, అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు. మేత వెయ్యడం నా పని గాని, వాటికి చర్మం వదిలించడం నా చేతిలో ఎప్పుడూ లేదు కదా అని తోచింది. ఆ గదిలో ఇప్పుడు జరిగేది ఏదో నేను లేకుండానే జరుగుతోంది. అంతకుముందు కూడా ప్రతిసారీ నేను లేకుండానే జరిగింది. ఆ ఆలోచన నాకు ధైర్యం ఇచ్చిందో, భయం పెట్టిందో ఇప్పటికీ చెప్పలేను. వెన్ను గోడకు ఆనించాను. ఎప్పుడు వాలిపోయానో, పట్టపగలు, గుడిలో, చాప మీద నిద్రపోయాను.

"అక్కా, ఓ అక్కా."

కళ్ళు తెరిస్తే అమ్మగారు తాళంచెవి చేతిలో పట్టుకుని వంగి చూస్తోంది. ముఖం పాలిపోయి ఉంది.

"మరిచిపోయినాను అక్కా. సంచిలోనే ఉండిపోయినాది. రెండున్నర అయింది. నీ పురుగులు ఏమైనాయో ఏమో."

నేను తాళంచెవి తీసుకుని పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాను. రెండు గంటలు ఆలస్యమైందని, ఈసారి ఆకలితోనే చంపానని, పొద్దున రైలుకు మా ఆయన సంచి సర్దుకుంటాడని, దారి పొడవునా అదే. గుమ్మంలో మా ఆయన ఆకు గంప పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తాళంచెవి అందుకుని ఆయనే తాళం తీసి తిరిగి నాకిచ్చాడు, కొంగుకు ముడి వేసుకున్నాను.

ముందు వరుస తట్టల్లో పురుగులు లేచి ఉన్నాయి. కొత్త చర్మంతో తెల్లగా, తలలాడిస్తూ. రెండో వరుసలో సగం లేచాయి. గోడ పక్క వరుసలో, అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి, చాలా వరకు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. రెండున్నరకు కూడా. పన్నెండున్నరకు నేను తలుపు తీసి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు.

దేవుడే అమ్మగారిని మరిచిపోయేలా చేశాడని తర్వాత సంఘంలో కొందరు అన్నారు. నాకు తెలియదు. ఆమె మామూలుగానే మరిచిపోయే మనిషి. నేను నిద్రపోవడం మాత్రం నా వల్ల అయ్యే పని కాదని తెలుసు.

మా ఆయన గంప ఎత్తి గుమ్మంలో పెట్టాడు. "వెయ్యవా?"

నా చేయి గంప వైపు పోయింది. ముందు వరుస పురుగులు తలలాడిస్తూనే ఉన్నాయి. ఈసారి తాళం తీసే ఉంది, తాళంచెవి నా కొంగుకే ఉంది. చేయి వెనక్కి తీసుకున్నాను.

"ఇంగా లేవల్ల. గోనె కప్పి పెట్టు."

"ఇంగెంత సేపు?"

"తెలీదు. కూచో."

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, గంప మీద గోనె కప్పి, మోకాలు చాపుకుని గుమ్మంలో కూర్చున్నాడు. నేను గోడ వరుస ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

ఆ పంట నిలిచింది. కొంచెం తక్కువగానే అయినా గూళ్ళు కట్టాయి. తోట ఇంకా ఉంది, మా ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడు. నాకు ఇప్పటికీ ప్రతి నాలుగో జ్వరానికీ గుండె దడదడలాడుతుంది, అది పోలేదు. అప్పుడు తాళంచెవి ఎవరికీ ఇవ్వను, గుమ్మం పక్క మేకుకు తగిలించి కూర్చుంటాను. కానీ ఇదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం, మాకు అది తెలియదు.

తట్టల కింద మేం పాత పేపర్లు పరుస్తాం. అమ్మగారి ఇంటి నుంచి వచ్చే తెలుగు పేపర్లు. జ్వరంలో ఆకు ఎండి ముడుచుకుపోతుంది కాబట్టి, పురుగుల మధ్య అక్షరాలు కనిపిస్తాయి. ఏం చెయ్యాలో తెలియక, వేలు తట్ట అంచున పెట్టి చదవసాగాను.

"ఏముండాది అందులో?" అన్నాడు మా ఆయన గుమ్మంలో నుంచి.

"వాన సంగతి. రేపు, ఎల్లుండి, జిల్లాలో అక్కడక్కడ..."

"అక్కడక్కడ ఏమంట?"

"ఆ అక్షరాల మీద పురుగు పండుకోని ఉండాది. లేచినాక చెప్తా."